ముందు చిన్న టీమ్, తర్వాతే పెద్ద టీమ్: ఫుట్‌బాల్ క్లబ్ యాజమాన్యాలకు నల్గొండ, పాలమూరుల నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బుల యాజమాన్యాలకు, హెడ్ కోచ్‌లను ఎంపిక చేసే కమిటీల సభ్యులకు,

నమస్కారం. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి మీ టీముల్లోకి పిల్లలను పంపిన తల్లిదండ్రుల తరఫున, వాళ్లకు బడిలో ఆట నేర్పిన పీఈటీల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నేను సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. మీరు మా జిల్లాలకు వచ్చి సెలక్షన్లు పెడుతున్నారు. తండాల పిల్లలకు కూడా జీతమిచ్చి ఆడిస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు.

ఈ విషయాన్ని మొదట మీలో ఒక క్లబ్‌కు ఉత్తరంగా రాశాం. జవాబు రాలేదు. తల్లిదండ్రులు ఆఫీసుకు వెళ్తే, మేనేజ్‌మెంట్‌కు చెబుతామని పంపించేశారు. ఆటను నడిపే పెద్దలను కలిస్తే, అది క్లబ్ సొంత విషయం, మేం జోక్యం చేసుకోలేం అన్నారు. ఆ క్లబ్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఒక్క క్లబ్‌ను బజారుకీడ్చడం మా ఉద్దేశం కాదు. రేపు మీలో ఎవరైనా ఇదే పని చేయొచ్చు, అందుకే అందరికీ రాస్తున్నాం.

జరిగింది చెబుతాను. పోయిన సీజన్‌కు ముందు ఆ క్లబ్ పాత హెడ్ కోచ్‌ను పంపించేసి, ఈ మధ్యనే ఆట మానేసిన ఒక పేరున్న ఆటగాడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. మంచి ఆటగాడు, అందులో సందేహం లేదు. కానీ అప్పటివరకు ఆయన ఏ టీమ్‌కూ కోచ్‌గా లేడు. అండర్-15 పిల్లల టీమ్‌కు కూడా లేడు. ప్రెస్‌మీట్ పెట్టారు, ఫ్లెక్సీలు కట్టారు. అదే క్లబ్‌లో ఏళ్ల తరబడి జూనియర్ టీములను చూసుకున్న లోకల్ కోచ్‌ను ఆయన పక్కన అసిస్టెంట్‌గా కూడా ఉంచలేదు. సీజన్ సగంలోనే కొత్త కోచ్ వెళ్లిపోయాడు. అప్పటికి టీమ్ పట్టికలో అడుగున ఉంది. మా పిల్లల్లో కొందరు గాయాలతో ఇళ్లకు చేరారు, కొందరికి కాంట్రాక్ట్ రద్దయిందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది.

ఆ కోచ్ మీద మాకు కోపం లేదు. అవకాశం వస్తే ఎవరు వద్దంటారు? ఆయనను తయారు కాకముందే అక్కడ నిలబెట్టి, సాయానికి ఎవరినీ ఇవ్వకుండా వదిలేసిన వాళ్లతోనే మా మాట. కొత్తగా చేరిన డ్రైవర్‌ను మొదటి రోజే నిండు బస్సుతో శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కించి, పక్కన ఎవరూ లేకుండా పంపిస్తామా?

మీరు చెప్పే సమాధానం మాకు తెలుసు. అనుభవం లేకుండానే గెలిచినవాళ్లు లేరా అంటారు. ఉన్నారు, ఒప్పుకుంటాం. పశ్చిమ జర్మనీ 1984లో తన పాత ఆటగాడు బెకెన్‌బావర్‌కు జాతీయ టీమ్‌ను అప్పగించింది. ఆయనకు అప్పటికి కోచింగ్ లైసెన్స్ కూడా లేదు. 1986లో ఫైనల్‌కు తీసుకెళ్లాడు, 1990లో ప్రపంచకప్ గెలిపించాడు. అర్జెంటీనా 2018లో స్కలోనీని తాత్కాలికంగా పెట్టుకున్నప్పుడు ఆయన సీనియర్ టీమ్‌కు హెడ్ కోచ్‌గా ఎక్కడా పనిచేయలేదు. 2021లో కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు), 2022లో ప్రపంచకప్, 2024లో మళ్లీ కోపా అమెరికా వచ్చాయి. ఆటగాళ్లుగా పేరు తెచ్చుకుని కోచ్‌లైన గార్డియోలా, జిదాన్ పేర్లు కూడా మీరు తప్పకుండా చెబుతారు.

చెప్పండి. కానీ సగమే చెప్పి ఆపకండి. గార్డియోలా 2008లో బార్సిలోనా సీనియర్ టీమ్ దగ్గరికి వచ్చే ముందు అదే క్లబ్ బి టీమ్‌ను, అంటే రెండో టీమ్‌ను, ఒక పూర్తి సీజన్ నడిపాడు. అది కింది డివిజన్. చిన్న గ్రౌండ్లు, పేరు లేని ప్రత్యర్థులు. ఆ టీమ్‌ను పై డివిజన్‌కు ఎక్కించాకే పెద్ద టీమ్ ఇచ్చారు. జిదాన్ ఒక సీజన్ రియల్ మాడ్రిడ్ హెడ్ కోచ్ ఆన్సెలోట్టి కింద అసిస్టెంట్‌గా ఉన్నాడు, తర్వాత 2014 నుంచి 2016 జనవరి వరకు అదే క్లబ్ రెండో టీమ్ కాస్టిల్లాతో గడిపాడు. ఆ తర్వాతే పెద్ద టీమ్‌తో వరసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పులు. స్కలోనీ తనకు ముందున్న అర్జెంటీనా కోచ్ సంపావోలీ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి వచ్చాడు, తన పక్కన పాత ఆటగాళ్లు ఐమార్, సామ్యూల్, అయాలా లాంటివాళ్లను పెట్టుకున్నాడు. వీళ్లకు అనుభవం తక్కువ, నిజమే. కానీ వాళ్లు కొంత నేర్చుకుని వచ్చారు, వచ్చాక ఒంటరిగా లేరు. బెకెన్‌బావర్ ఒక్కడూ వేరు. అలాంటి మనిషి మళ్లీ మీ చేతికి దొరుకుతాడన్న ఆశతో ఇరవై మూడు మంది పిల్లల సీజన్‌ను పందెం కాయకండి.

రెండో వైపు ఉన్నవాళ్లను కూడా చూడాలి కదా. 2020 జులై 30న ఇటలీ క్లబ్ యువెంటస్ తన అండర్-23 టీమ్‌కు పాత ఆటగాడు పిర్లోను కోచ్‌గా ప్రకటించింది. ఆ టీమ్‌తో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకముందే ఆగస్టు 8న సీనియర్ టీమ్ ఇచ్చేసింది. అప్పటికి వరసగా తొమ్మిది సార్లు లీగ్ గెలిచిన క్లబ్ అది. ఆ సీజన్‌లో నాలుగో స్థానంలో ముగిసింది. రెండు కప్పులు గెలిచినా ఏడాది తిరక్కుండానే పిర్లోను తీసేశారు. మిడ్‌ఫీల్డ్‌లో ఆయనంత తెలివిగా ఆడినవాళ్లు ఆ తరంలో ఎంతమంది ఉన్నారు? ఆ తెలివిని పదకొండు మందికి పంచడం వేరే పని. ఫ్రాన్స్ పాత ఆటగాడు థియరీ ఆన్రీ 2018లో మొనాకో క్లబ్‌కు కోచ్‌గా వెళ్లి 20 మ్యాచుల్లో నాలుగే గెలిచాడు. గ్యారీ నెవిల్ ఇంగ్లండ్ టీమ్‌కు అసిస్టెంట్‌గా ఉండి వచ్చినా, సొంతంగా ఏ టీమ్‌నూ నడపకుండానే 2015 డిసెంబర్‌లో స్పెయిన్ క్లబ్ వాలెన్సియా పగ్గాలు పట్టాడు. నాలుగు నెలల్లో, 28 మ్యాచుల తర్వాత, ఇంటికి పంపారు. మధ్యలో బార్సిలోనా చేతిలో 7-0 ఓటమి కూడా ఉంది.

వయసు తక్కువ ఉండటం వేరు, అనుభవం లేకపోవడం వేరు అని కూడా చెప్పాలి. నాగెల్స్‌మన్ 28 ఏళ్లకే జర్మనీ క్లబ్ హాఫెన్‌హైమ్‌కు హెడ్ కోచ్ అయ్యాడు. అప్పటికే అదే క్లబ్ అండర్-19 టీమ్‌ను 2014లో దేశ చాంపియన్‌గా నిలిపాడు. షాబీ అలోన్సోకు ఆటగాడిగా ప్రపంచకప్ ఉంది. అయినా రియల్ మాడ్రిడ్ చిన్నపిల్లల టీమ్‌తో మొదలుపెట్టి, మూడు సీజన్లు రియల్ సోసిడాడ్ బి టీమ్‌తో గడిపి, 2022లో జర్మనీ క్లబ్ లెవర్కూసెన్‌కు హెడ్ కోచ్‌గా వచ్చాడు. 2023-24లో 34 లీగ్ మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా టైటిల్ తెచ్చాడు. అంత పేరున్న మనిషికే చిన్న టీమ్ చిన్నతనం అనిపించలేదు.

ఇంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే చూద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ చేతికి వచ్చింది. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా ఐదుసార్లు వరసగా బొంబాయి టోర్నమెంట్ రోవర్స్ కప్ గెలిచింది. దేశానికి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్ నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన చేతి కిందే. కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం) చేయకూడదన్న నియమంతో టోర్నమెంట్లు పెట్టేవాడు, బలం లేని కాలితోనే ఆడాలన్న నియమంతో పెట్టేవాడు. పాస్ ఇవ్వడం, రెండో కాలు వాడటం పిల్లలకు మాటలతో రాదని, పిల్లలతో గడిపిన పంతులుకే తెలుస్తుంది.

జకార్తా ఫైనల్ గురించి పాత ఆటగాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడి ఉన్నాయి. రహీం సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో మనం గెలిచాం. అలాంటి నిర్ణయం చూడ్డానికి ధైర్యంలా కనిపిస్తుంది. దాని వెనక, ఎవడు ఏ స్థితిలో ఏం చేయగలడో ఏళ్లపాటు దగ్గరుండి చూసిన కన్ను ఉంది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న ఆయన 1963 జూన్‌లో చనిపోయాడు. ఇది మన నేల మీద పుట్టిన కోచింగ్. దీన్ని వదిలేసి పోస్టర్ మీద మొహం చూసి కోచ్‌ను ఎంచుకుంటే మాకు బాధగా ఉండదా?

అనుభవం ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని కూడా మేం అనడం లేదు. 2019-20లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చిన ఫిల్ బ్రౌన్ 2008లో హల్ సిటీని ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన కోచ్. ఇక్కడ సీజన్ మధ్యలోనే పోవాల్సి వచ్చింది, టీమ్ 18 మ్యాచుల్లో 10 పాయింట్లతో చివరి స్థానంలో ముగిసింది. తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ ఆటగాడిగా పెద్ద పేరున్నవాడు కాదు. స్పెయిన్ కింది డివిజన్లలో ఏళ్లకేళ్లు టీములు నడిపి, తక్కువ డబ్బుతో కుర్రాళ్లను ఎదిగించడం నేర్చుకున్నవాడు. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చాడు. ఎన్నేళ్లు అన్నదాని కన్నా ఎక్కడ, ఎవరితో, ఏ బాధ్యతతో అన్నది చూడాలి. ఇప్పుడు భారత టీమ్ హెడ్ కోచ్‌గా ఉన్న ఖాలిద్ జమీల్ 2009లో ఆట మానేసిన వెంటనే ముంబయి ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు. ఆయనకూ అప్పుడు అనుభవం లేదు. కానీ అది చిన్న క్లబ్, ఏళ్లపాటు ఆయన్ని నమ్మి ఉంచింది. అక్కడ గట్టిపడ్డాకే 2017లో ఐజోల్ లాంటి చిన్న ఊరి టీమ్‌తో దేశ స్థాయి ఐ-లీగ్ గెలిచాడు. 2025 ఆగస్టులో దేశం పిలిచింది. మేం అడుగుతున్న దారి ఇదే.

ఇక మామూలు కుటుంబాల మీద పడిన దెబ్బ చెబుతాను. మీరు ఇది ఓపిగ్గా చదవాలి.

1. గాయాలు. కొత్త కోచ్ తాను ఆటగాడిగా ఉన్నప్పుడు చేసిన ప్రాక్టీస్‌నే మా పిల్లలతో చేయించాడు. ఆయన చేసినప్పుడు పక్కన ఫిజియో ఉన్నాడు, ఐస్ బాత్ ఉంది, లెక్క ప్రకారం తిండి ఉంది, ఏళ్లుగా గట్టిపడిన కండ ఉంది. మా పిల్లలకు సెలవుల్లో ఇంటి దగ్గర దొరికింది అన్నం, పచ్చిపులుసు, వారానికో రోజు కోడికూర. మే నెలలో నల్గొండ ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. అలాంటి ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే రోజూ కొంచెం కొంచెం పెంచుతూ ఒకటి రెండు వారాలు పడుతుంది. ఇక్కడ మొదటి వారం నుంచే పొద్దున, సాయంత్రం రెండు పూటలా స్ప్రింట్లు, కొండ ఎక్కడాలు. మూడో వారానికల్లా తొడ వెనక కండరం పట్టేసిందని ఒకడు, గజ్జలో నొప్పని ఇంకొకడు కూర్చున్నారు. కండరం కొంచెం చిరిగినా అది మానేదాకా ఆటలోకి దింపకూడదు. టీమ్ ఓడిపోతోందన్న టెన్షన్‌లో పది రోజులకే దింపారు. మళ్లీ అక్కడే చిరిగింది. దేవరకొండ వైపు తండా నుంచి వెళ్లిన ఒక పిల్లాడికి మోకాలి లిగమెంట్ తెగింది. దానికి ఆపరేషన్, తర్వాత తొమ్మిది నెలలైనా వ్యాయామం, ఓపిక కావాలి. ఆపరేషన్ అయ్యేలోపే కాంట్రాక్ట్ ముగిసింది, మిగతా ఖర్చు ఇంటి మీద పడింది.

ఎప్పుడు పరిగెత్తించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పుస్తకంలో కొంత దొరుకుతుంది, మిగతాది పిల్లల మొహాలు చూసి నేర్చుకోవాలి. నొప్పి ఉన్నా లేదని చెప్పే పిల్లాడు ఎలా నడుస్తాడో, పోటీకి వెళ్లిన టీముల వెంట తిరిగిన పీఈటీకి తెలుస్తుంది. మా పిల్లలు నొప్పి చెప్పరు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని భయం. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంగిపోయిన మనుషుల మధ్య ఉద్యోగం చేసినవాణ్ని నేను. ఆ ఊళ్ల పిల్లలు నేరుగా నిలబడి పరిగెత్తుతుంటే మాకు ఎలా ఉంటుందో మీకు మాటల్లో చెప్పలేను. ఆ కాళ్లను జాగ్రత్తగా వాడమని అడుగుతున్నాం.

2. చదువు, అప్పులు. కాంట్రాక్ట్ వచ్చిందంటే ఇంట్లో అందరూ దాని చుట్టూ లెక్కలు వేసుకుంటారు. డిగ్రీ ఆగిపోతుంది. పాలమూరు నుంచి ముంబయి, పుణె పనులకు వలసపోయిన తండ్రి, కొడుకు జీతం వస్తుందని ఊరికి తిరిగొస్తాడు. సీజన్ మధ్యలో మెసేజ్ వచ్చిన తర్వాత వాళ్లలో ఒకాయన మళ్లీ మేస్త్రీ పనికి వెళ్లిపోయాడు, ఈసారి కొడుకును కూడా వెంట తీసుకుని. ఇంకో పిల్లాడు హైదరాబాద్‌లో బండి మీద పార్సిళ్లు వేస్తున్నాడు. పనిలో తప్పు లేదు, కానీ ఆ పిల్లాడికి పందొమ్మిదేళ్లు, ఎడమ కాలుతో అతను వేసే క్రాస్ లాంటిది నేను మా జిల్లాలో చూడలేదు.

3. స్థానాలు మారి పాడైన ఆట. గ్రౌండ్ అంచున ఆడే వింగర్‌ను ఒక మ్యాచ్‌లో వెనక బ్యాక్‌గా, ఇంకో మ్యాచ్‌లో గోల్ కొట్టే స్ట్రయికర్‌గా ఆడించారు. ప్రతి ఓటమికీ కొత్త ఫార్మేషన్. ఇప్పుడు ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను దింపొచ్చు, కానీ ఆట నడుస్తుండగా మూడుసార్లే అవకాశం. ఆ లెక్క తప్పి, చివరి పదిహేను నిమిషాలు కుంటుతున్న పిల్లాడిని గ్రౌండ్‌లోనే ఉంచాల్సి వచ్చిన మ్యాచ్ ఒకటి ఉంది. వేరే క్లబ్బులు వీడియో చూసే ఆటగాళ్లను తీసుకుంటాయి. ఆ వీడియోలో తన స్థానం కాని చోట తడబడుతున్న పిల్లాడే కనిపిస్తాడు. కోచ్‌కు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, పేరుంది కాబట్టి. పిల్లాడికి ఉన్నది ఆ ఒక్క సీజనే.

4. లోకల్ కోచ్‌లకు మూసుకుపోయిన దారి. మా జిల్లాల్లో సొంత డబ్బుతో కోన్లు, బంతులు కొని, పొద్దున్నే పిల్లలను ఆడించే కుర్రాళ్లున్నారు. యూనివర్సిటీకి ఆడినవాళ్లు, కోచింగ్‌లో కింది మెట్టు అయిన డి లైసెన్స్ చేసినవాళ్లు ఉన్నారు. అక్కడి నుంచి సి, బి, ఎ, ప్రో దాకా మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకూ ఫీజు, ప్రయాణం, పని మానుకోవాల్సిన రోజులు. అవన్నీ భరించి ఎక్కినా చివరి మెట్టు దగ్గర పాత స్టార్ కూర్చుని ఉంటే, వీళ్లు ఎందుకు ఎక్కాలి? లైసెన్స్ ఒక్కటే సరిపోదు, నిజమే. కానీ పేరు దానికి బదులు కాదు.

5. ఆడపిల్లలు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడుతోంది. ఆమెను చూసి మా దగ్గర కూడా అమ్మాయిలను గ్రౌండ్‌కు పంపే తల్లులు పెరిగారు. అన్నకు ఇలా జరిగిందని తెలిస్తే చెల్లెలిని పంపుతారా? ఇప్పటికే ఇద్దరు మానేశారు.

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. మన రాష్ట్రంలో పిల్లలకు ఉన్న తలుపులే తక్కువ, వాటిలో ఒక పెద్ద తలుపు మూసుకుంది. మిగిలినవాటి మీద మాకు హక్కు లేకపోవచ్చు. పిల్లలను ఇస్తున్నాం కాబట్టి అడిగే అర్హత ఉంది. మా డిమాండ్లు ఇవి:

1. హెడ్ కోచ్‌కు ఉండాల్సిన అర్హతలను సీజన్‌కు ముందే రాసి బయటపెట్టండి. లీగ్ అడిగే లైసెన్స్‌తో పాటు, ఏదో ఒక టీమ్‌ను సొంత బాధ్యత మీద కనీసం రెండు పూర్తి సీజన్లు నడిపి ఉండాలి. అది అండర్-18 కావచ్చు, రిజర్వ్ టీమ్ కావచ్చు, అమ్మాయిల టీమ్, యూనివర్సిటీ టీమ్ ఏదైనా కావచ్చు. దేశం తరఫున ఎన్ని మ్యాచులు ఆడాడన్నది ఈ లెక్కలోకి రాకూడదు.

2. పేరున్న ఆటగాడు కోచ్ కావాలనుకుంటే సంతోషం. ముందు అతనికి మీ జూనియర్ టీమ్ ఇవ్వండి. ఒక సీజన్ ఓడిపోనివ్వండి, నేర్చుకోనివ్వండి. అక్కడ ఓడితే పోయేది తక్కువ. అతను నిజంగా కోచ్ కావాలనుకునే మనిషైతే ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే ఆ జవాబుతోనే మీకు విషయం తెలిసిపోతుంది.

3. ఏ కారణం వల్లనైనా కొత్తవాడినే హెడ్ కోచ్‌గా తీసుకుంటే, సీనియర్ టీమ్‌తో పనిచేసిన అసిస్టెంట్ ఒకరు, ఫిజియో ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఫలానా పిల్లాడు ఈ వారం ఆడకూడదు అని ఫిజియో చెబితే అదే ఆఖరి మాట కావాలి. హెడ్ కోచ్ కూడా దాన్ని దాటకూడదు. ఇది కాంట్రాక్ట్‌లో రాసి ఉండాలి.

4. మీ టీమ్‌కు ఆడుతూ గాయపడిన పిల్లాడికి కాంట్రాక్ట్ ముగిసినా వైద్యం పూర్తయ్యేదాకా ఖర్చు మీరే భరించాలి. తీసేస్తే ముఖాముఖి పిలిచి, తల్లిదండ్రుల ముందు కారణం చెప్పాలి. వాట్సాప్‌లో కాదు. ఈ రెండింటికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. ప్రెస్‌మీట్‌కు పెట్టిన ఖర్చుతో పోల్చి చూసుకోండి.

5. మీ జూనియర్, రిజర్వ్ టీముల కోచ్ పోస్టుల్లో మా జిల్లాల కోచ్‌లకు అవకాశం ఇవ్వండి. లైసెన్స్ కోర్సు ఒకటి ఏడాదికోసారి నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జరిగేలా రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘంతో మాట్లాడండి. గ్రౌండ్, హాస్టల్ వసతి ఏర్పాటు చేయడానికి మేం పీఈటీలం ముందుంటాం. ఇక్కడి భాష, ఇక్కడి తిండి, ఇంటి పరిస్థితి తెలిసిన కోచ్ ఒక్కడు మీ టీమ్‌లో ఉన్నా, నొప్పి దాచుకున్న పిల్లాడు కనీసం అతనితో చెప్పుకుంటాడు.

కొందరు మిత్రులు, ఇలా రాస్తే మన పిల్లలకు సెలక్షన్లలో చోటు దొరకదేమో అని భయపడ్డారు. అందుకే ఈ లేఖ కింద తల్లిదండ్రుల పేర్లు పెట్టలేదు. మాట నాది, బాధ్యత నాది. అడిగినందుకు ఏ పిల్లాడినైనా పక్కన పెడితే దాన్ని కూడా ఇలాగే అందరి ముందూ అడుగుతాం.

కొత్త సీజన్ సెలక్షన్ల తేదీలు త్వరలో ప్రకటిస్తారని విన్నాం. దానికంటే ముందే మీ ప్రతినిధి ఒకరు నల్గొండకు గానీ, మహబూబ్‌నగర్‌కు గానీ వచ్చి తల్లిదండ్రులతో కూర్చోవాలి. హెడ్ కోచ్ ఎవరు, ఇంతకు ముందు ఏ టీమ్‌ను నడిపారు, ఆయన పక్కన ఎవరున్నారు అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. జవాబు ఇచ్చిన క్లబ్ సెలక్షన్లకు పిల్లలను మేమే వెంటబెట్టుకుని వస్తాం. జవాబు ఇవ్వని క్లబ్‌కు ఈ ఏడాది మా బడుల నుంచి, మా గ్రౌండ్ల నుంచి ఎవరినీ పంపబోమని మొన్న జరిగిన సమావేశంలో తీర్మానించాం.

ఇట్లు,
పిల్లల తల్లిదండ్రుల, పీఈటీల తరఫున
ఒక రిటైర్డ్ పీఈటీ,
నల్గొండ జిల్లా